గుర్రమునకు కళ్ళెము

తుపాకిలో మందును రగిలించుటకై దెబ్బకొట్టు చిన్న సుత్తివంటి భాగమునకు మన పెద్దలు ‘గుర్రము’ అని పేరు పెట్టిరి. పేరు పెట్టినవారు ఆ వస్తువు స్వభావమును చక్కగా గ్రహించినవారే. గుర్రము ఎక్కినవాని మాట వినును. వాడు ఏమరియున్నపుడు తన దారిని తాను పోవును. తుపాకి గుర్రమును అంతే. పేల్చదలచినపుడు అది పేలవలెను, పేల్చదలచనపుడు పేలరాదు. ఈ రెండు కోరికలలో మొదటిదానిని నెరవేర్చుటకు పనివాండ్రకు చిరకాలము పట్టలేదు. రెండవదానికై ఐదువందల యేండ్లుగా పాటుపడుచునే యున్నారు. ఆ పాటు కథయే మా నేటి ప్రసంగమునకు విషయము.

రాజులను గూర్చియు, యుద్ధములను గూర్చియు చరిత్రను మనమందరము బడిలోనే చదువుకొంటిమి. శత్రువు ఎదుట లేకయే, కోపము మనసున లేకయే పేలిన గుండ్ల చరిత్ర ఆ పుస్తకములలో కానరాదు. అయినను ఆ గుండ్లు తీసిన ప్రాణములును ప్రాణములే. శుభ్రపరచుచుండగా పేలినవి కొన్ని. చేజారి క్రింద పడి పేలినవి కొన్ని. ‘ఇందులో ఏమియు లేదులే’ అని నవ్వుచు మీట నొక్కగా పేలినవి కొన్ని. పిల్లవాడు బీరువా తెరచి తీసికొనగా పేలినవి కొన్ని. పొడుగు తుపాకికంటె చేతి తుపాకి విషయమున ఈ భయము హెచ్చు. పొడుగు తుపాకిని రెండు చేతులతో పట్టి భుజమునకు ఆనింపవలెను. దాని మూతి మనిషికి దూరముగా నుండును. పిస్తోలు అట్లు కాదు. అది ఒక్క చేతిలో ఇముడును. మణికట్టు కొంచెము తిరిగిన చాలు, దాని మూతి ఎదుటి గోడ నుండి ప్రక్కనున్న మిత్రుని మీదికో, పట్టుకొన్నవాని తొడ మీదికో తిరిగిపోవును.

తొలినాటి తుపాకులు వత్తి తుపాకులు. రగులుచున్న వత్తిని మందుపళ్ళెమునకు తాకించినపుడే అవి పేలెడివి. ప్రమాదము అందును కలదు గాని అది కంటికి కనబడు ప్రమాదము. వత్తి పొగ విడుచును, నిప్పు మినుకుమినుకుమనును, చూచువాడు తొలగిపోవచ్చును. అట్టి ఆయుధమును నడుమున దోపుకొని తిరుగుట ఎవరికిని సాధ్యము కాదు. పదునారవ శతాబ్ది ఆరంభమున ఐరోపాలో చక్రపు తుపాకి వెలసెను. గరుకైన ఉక్కు చక్రమును చెవితో త్రిప్పి స్ప్రింగును బిగించి ఉంచుదురు. మీట నొక్కగానే చక్రము గిరగిర తిరిగి, పైరైటు రాతిని ఒరసికొని నిప్పురవ్వలు రాల్చును, మందు అంటుకొనును. ఇక వత్తితో పని లేదు. మందు కూరి, స్ప్రింగు బిగించి, పై వస్త్రము క్రింద దాచుకొని ఎక్కడికైనను పోవచ్చును. నేటి పిస్తోలు పుట్టుకకు ఇదియే నాంది. కనబడు ప్రమాదము కనబడని ప్రమాదముగా మారినదియు ఆనాడే.

ఆ మార్పునకు మూల్యము వెంటనే చెల్లింపవలసి వచ్చెను. జర్మనీ దేశపు ఆగ్స్‌బర్గు నగర వృత్తాంతములలో 1515వ సంవత్సరము జనవరి 6వ తేదీన జరిగిన ఒక ఉదంతము వ్రాయబడియున్నది. లౌక్స్ ఫిస్టర్ అను ఆ నగరపు యువకుడు కాన్‌స్టన్స్ పట్టణమున ఒక వెలయాలితో గదిలో నుండి, తనంత తానే నిప్పు పుట్టించుకొను క్రొత్తరకపు తుపాకితో ఆటలాడుచు మీట నొక్కెను. గుండు ఆమె గడ్డమున దూరి మెడ వెనుకగా వెడలెను. అతడు ఆమెకు 40 ఫ్లోరిన్ల రొక్కమును, ఆమె జీవించియున్నంత కాలము ఏటేట 20 ఫ్లోరిన్లును ఇయ్యవలసి వచ్చెను. వైద్యుని ఖర్చు వేరు. ఆ యువకునికి ఆమెపై పగ లేదు. చేతిలో క్రొత్త వస్తువు ఉన్నది, దానితో ఆటలాడెను. ఐదువందల యేండ్ల క్రిందటి ఈ వృత్తాంతములో ఊరి పేరును, నాణెము పేరును మార్చినచో అది నిన్నటి వార్తాపత్రికలోని వార్తయే యగును.

రెండేండ్లకు, 1517లో, మాక్సిమిలియన్ చక్రవర్తి తన ఆస్ట్రియా రాజ్యములలో ఇట్టి స్వయంజ్వలన తుపాకులను నిషేధించెను. దాచుకొనుటకు వీలుగా నుండుటయే ఆ నిషేధమునకు ముఖ్య కారణము. కాని ఒకసారి లోకమునకు తెలిసిన యంత్రమును శాసనముతో మరపించుట ఎవరి తరమును కాలేదు. కనుక పనివాండ్రు దానికి కళ్ళెము వేయు మార్గములను వెదకసాగిరి.

చక్రము తరువాత చెకుముకిరాయి వచ్చెను. చెకుముకిని పట్టుకొన్న గుర్రము ముందునకు దూకి ఉక్కు రేకును కొట్టగా నిప్పు పుట్టును. ఈ గుర్రమునకు రెండు మెట్లు ఏర్పరచిరి. పూర్తిగా వెనుకకు లాగినచో లోపలి గాడి పలుచగా నుండి, మీట నొక్కినంతనే జారును. సగము లాగినచో గాడి లోతుగా నుండి, మీట నొక్కినను జారదు. ఈ సగపు మెట్టే చేతి తుపాకులలో బహుకాలము వాడుకలో నున్న ముఖ్యమైన కళ్ళెము. మీట చుట్టును ఇనుప కమ్మి కట్టి, కొమ్మయో గుడ్డయో తగిలి జారకుండ కాపాడిరి. కాని సగపు గాడి అరిగిపోవును, మురికి పట్టును, విరుగును. అరిగిన గాడిని నమ్ముకొన్నవానికి అది ఉన్నను లేనట్లే. నిజమునకు లేనిదానికంటె కీడే, ఏలయన అతడు ఉన్నదని నమ్మియున్నాడు. తొందరపడి పని చెడగొట్టుకొన్నవానిని ‘సగపు మెట్టునందే పేలినాడు’ అని ఆంగ్లేయులు నేటికిని వెక్కిరింతురు. ఆ నానుడి పుట్టినది ఈ గాడి నుండియే.

1807లో అలెగ్జాండరు ఫోర్సైతు అను స్కాట్లండు మతాచార్యుడు, దెబ్బ తగిలినంతనే మండు రసాయనముతో తుపాకి పేల్చు పద్ధతికి పేటెంటు పొందెను. దానినుండి చిన్న రాగి టోపీలు వచ్చెను. మన దేశమునను ‘టోపీ తుపాకి’ అను మాట విన్నవారు కలరు. 1836లో అమెరికాలో శామ్యూలు కోల్టు తన రివాల్వరుకు పేటెంటు తీసికొనెను. తిరుగు సిలిండరులో అయిదారు అరలు, ప్రతి అరకును ఒక టోపీ. ఇక్కడ క్రొత్త చిక్కు వచ్చినది. గుర్రమును క్రిందికి దించి ఉంచినచో అది టోపీ మీదనే కూర్చుండును. గుర్రము వీపున చిన్న దెబ్బ తగిలినను టోపీ చిట్లును. అందుచే కొన్ని కోల్టు రివాల్వర్ల సిలిండరు వెనుక, అరకును అరకును నడుమ సన్నని మేకులు అమర్చి, గుర్రమును వాని మీద ఆనించునట్లు చేసిరి. ఆ మేకులును అరుగునవే.

1873లో కోల్టు కంపెనీ అమెరికా సైన్యమునకై చేసిన రివాల్వరు ప్రపంచ ప్రసిద్ధమైనది. చలనచిత్రములలో ‘కౌబాయి’ల నడుమున వ్రేలాడునది అదియే. దానికి ఆరు అరలు కలవు. అయినను తెలిసినవారు అయిదు తూటాలనే పెట్టెడివారు. గుర్రము ఎప్పుడును ఖాళీ అర మీదనే దిగవలెనని వారి నియమము. గుర్రమునకు మొదటి మెట్టున ఒక సన్నని గాడి ఉన్నమాట నిజమే గాని, రివాల్వరు చేజారి గుర్రము మీద పడినచో ఆ గాడి నిలువదు. ఇక్కడ గమనింపదగిన విషయము ఒకటి కలదు. ఈ ప్రమాదమునకు కనుగొనబడిన మొదటి మందు ఇనుములో లేదు, అలవాటులో కలదు. ఆరవ తూటాను విడిచిపెట్టుటయే ఆ అలవాటు.

ఆ అలవాటు తప్పినవారికి పేరు ప్రతిష్ఠలు అడ్డుపడలేదు. ఆయుధ విద్యలో అసమానుడని తరువాత కథలకెక్కిన వయట్ అర్పు 1876లో కాన్సాసు రాష్ట్రమున విచిటా పట్టణపు పోలీసు ఉద్యోగి. ఆ సంవత్సరము జనవరి 9వ తేదీ, ఆదివారము రాత్రి, ఒక పానశాల వెనుక గదిలో ఇద్దరు ముగ్గురితో కూర్చుండియుండగా అతని రివాల్వరు ఒర నుండి జారి నేల మీద పడి పేలెను. గుండు అతని కోటును చీల్చి, గోడకు తగిలి, పైకప్పు గుండ దూసికొనిపోయెను. ఎవరికిని గాయము కాలేదు. మూడు దినములకు స్థానిక పత్రిక ఈ సంగతి ప్రకటించెను. గుర్రము నిండు అర మీద దిగియుండుటయే కారణము. నిష్ణాతుడైనవానిని కూడ ఒక్క క్షణపు ఏమరుపాటు మృత్యువునకు జానెడు దూరమునకు తీసికొనిపోగలదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

పందొమ్మిదవ శతాబ్ది చివర తయారీదారులు ఈ బాధ్యతను మనుష్యుని మీది నుండి యంత్రము మీదికి మార్చుటకు పూనుకొనిరి. 1887లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ గుర్రము పైకి కనబడని రివాల్వరును విడుదల చేసెను. గుర్రము చట్రము లోపల దాగియుండుటచే దెబ్బ తగులుటకు గాని, జేబులో చిక్కుకొనుటకు గాని అవకాశము లేదు. పిడి వెనుక ఒక పలక అమర్చిరి. అరచేతితో దానిని గట్టిగా అదిమి, అదే సమయమున మీటను లాగినగాని రివాల్వరు పేలదు. చిన్న పిల్లల చేతులకు ఈ రెండు పనులును ఒక్కసారి చేయు బలము ఉండదని కంపెనీవారు ప్రచారము చేసిరి. ఇంటిలోని పిల్లవానిని తలచుకొని ఆయుధమును రూపొందించుట చరిత్రలో ఒక మలుపు.

ఆ తరువాతి దశకమున ఐవర్ జాన్సన్ కంపెనీ మరియొక ఉపాయమును అమలుపరచెను. గుర్రమునకును పేల్చు సూదికిని నడుమ ఖాళీ విడిచిరి. గుర్రము ఎంత గట్టిగా దిగినను సూదిని తాకదు. మీటను చివరివరకు లాగినపుడు మాత్రమే ఒక చిన్న ఇనుప కడ్డీ పైకి లేచి ఆ ఖాళీని నింపును. అప్పుడు గుర్రపు దెబ్బ కడ్డీ ద్వారా సూదికి చేరును. మీట విడిచిన మరుక్షణము కడ్డీ దిగిపోవును. దీనివలన కలిగిన ధీమా ఎంతటిదనగా, గుర్రమును సుత్తితో కొట్టి చూడుడని ఆ కంపెనీ ప్రకటనలలో సవాలు చేసెను. చేజారుట వలని ప్రమాదమునకు ఇది సిసలైన మందు. ఈ కడ్డీ సూత్రము నేటి రివాల్వర్లలోను విరివిగా వాడుకలో నున్నది.

అయితే 1901 సెప్టెంబరు 6వ తేదీన బఫెలో నగరమున అమెరికా అధ్యక్షుడు మెకిన్లీపై హంతకుడు గుండ్లు పేల్చినది అదే కంపెనీవారి ‘సేఫ్టీ’ రివాల్వరుతోనే. ఎనిమిది దినములకు అధ్యక్షుడు మరణించెను. యంత్రములో లోపమేమియు లేదు. దురుద్దేశముతో మీట లాగినవానికి కూడ అది నమ్మకముగానే పనిచేసినది. సేఫ్టీ అనునది పొరపాటును ఆపును గాని బుద్ధిని మార్చదు. ఈ హద్దును గుర్తించియే మిగిలిన కథను వినవలెను.

ఇరువదవ శతాబ్దితోపాటు తమంత తామే తూటాను నింపుకొను పిస్తోళ్ళు వచ్చెను. రివాల్వరులో తూటాలు ఉన్నవో లేవో ప్రక్కనుండి కొంతవరకైన చూడవచ్చును. పిస్తోలులో తూటాలు పిడిలోని మాగజైనులో దాగియుండును. మరియొకటి గొట్టపు అరలో స్లయిడు క్రింద దాగియుండును. మాగజైను తీసివేసినవాడు ‘ఖాళీ చేసితిని’ అనుకొనును. అరలోని తూటా అక్కడనే యుండును. ఇట్లు పొరబడి ప్రాణములు పోగొట్టుకొన్నవారు, తీసినవారు లెక్కకు మిక్కిలి. జర్మనీవారి లూగరు పిస్తోలులో దీనికై ఒక చిన్న గుర్తు ఏర్పరచిరి. అరలో తూటా ఉన్నపుడు పైన ఒక రేకు లేచి, ‘నిండియున్నది’ అను అర్థముగల ‘గెలాడెన్’ అను జర్మను మాట కనబడును. 1935 నాటి బ్రౌనింగు హైపవరు పిస్తోలులో మాగజైను తీసివేసినచో మీట పనిచేయకుండునట్లు చేసిరి. ఇది ఫ్రెంచి సైన్యమువారి కోరికపై ఏర్పడిన అమరిక.

సేఫ్టీల చరిత్రలో 1911 మార్చి 29 మరువరాని దినము. జాను మోజెసు బ్రౌనింగు రూపొందించిన పిస్తోలును ఆనాడు అమెరికా సైన్యము స్వీకరించెను. దానికి రెండు కళ్ళెములు కలవు. పిడి వెనుక పలకను అరచేయి అదమనిదే మీట కదలదు. బొటనవ్రేలికి అందునట్లు మరియొక మీట కలదు. దానిని పైకి త్రోసినచో గుర్రమును, స్లయిడును బిగిసిపోవును. ఈ రెండవది సైన్యము కోరగా 1910లో చేర్చబడినది. స్వారీచేయు సైనికుడు ఒక చేత పగ్గములు పట్టి, మరియొక చేత ఎక్కించిన పిస్తోలు పట్టియుండగా వాహనము బెదరినచో ఏమి కావలెను? రెండు చేతులును వాడకయే, ఒక్క బొటనవ్రేలితో ఆయుధమును నిద్రపుచ్చు ఉపాయము అతనికి కావలసియుండెను. నిజమైన గుర్రము కొరకు తుపాకి గుర్రమునకు కళ్ళెము వేసిరన్నమాట.

ఇంతటితో సమస్య తీరలేదు. పిస్తోలు మూతి క్రిందుగా గట్టి నేలపై పడినచో గుర్రము కదలకున్నను లోపలి సూది తన వేగముతో ముందునకు దూకి తూటాను తాకవచ్చును. 1983లో కోల్టు కంపెనీ ఈ పిస్తోలులో సూదికే అడ్డుగడియ పెట్టెను. మీట లాగినపుడు మాత్రమే ఆ గడియ తొలగును. రివాల్వర్ల విషయమునను ఇట్టిదే జరిగినది. రెండవ ప్రపంచ యుద్ధమున స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లు లక్షలకొలది తయారయ్యెను. 1944లో ఒక యుద్ధనౌక ఉక్కు బల్లపరుపుపై అట్టి రివాల్వరు పడి పేలి ఒక నావికుడు మరణించెను. అందులో సేఫ్టీ లేకపోలేదు. ఉన్న సేఫ్టీ ఆ క్షణమున పనిచేయలేదు. కంపెనీ ఆ సంవత్సరాంతమునకే క్రొత్త అడ్డుకడ్డీని అమర్చెను. ఒక నావికుని ప్రాణము వెలగా ఏర్పడిన ఆ చిన్న ఇనుపముక్క తరువాతి తరముల రివాల్వర్లలోను నిలిచినది.

పాత అందము మీది మోజు పాత అపాయమును కూడ వెంట తెచ్చును. 1950 తరువాత అమెరికాలో రూగరు కంపెనీ 1873 నాటి కోల్టును పోలిన రివాల్వర్లు చేసి అమ్మెను. వానిలోను అయిదు తూటాల నియమమే దిక్కు. నియమము తెలియనివారు ఆరును నింపిరి, చేజారినపుడు గాయపడిరి. వ్యాజ్యములు నడిచెను. 1979లో అలాస్కా రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము అట్టి ఒక వ్యాజ్యమున తీర్పు చెప్పెను. అంతకు పూర్వమే, 1973లో, ఆ కంపెనీ తన రివాల్వర్లలో నడిమి కడ్డీ సూత్రమును ప్రవేశపెట్టెను. 1982 నుండి పాతవానిని కూడ ఉచితముగా మార్చి యిచ్చుటకు పూనుకొనెను. వాడువాడు జాగ్రత్తగా నుండవలెనను మాట ఎంత నిజమో, చేయువాడు పొరపాటును ముందుగా ఊహింపవలెనను మాటయు అంతే నిజమని లోకము ఒప్పుకొన్న ఘట్టమిది. 1999లో కాలిఫోర్నియా రాష్ట్రము చేసిన శాసనము, 2001 నుండి అక్కడ అమ్మదగు చేతి తుపాకులు క్రింద పడవేసి చూచు పరీక్షలో నెగ్గవలెనని విధించెను.

1982లో ఆస్ట్రియా సైన్యము స్వీకరించిన గ్లాకు పిస్తోలు మరియొక త్రోవ తొక్కినది. దానికి బొటనవ్రేలి సేఫ్టీ లేదు. మీటలోనే ఒక చిన్న మీట, సూదికి ఒక అడ్డుగడియ, పడినపుడు జారకుండ మరియొక అమరిక; ఈ మూడును మీట లాగినపుడు తామే తొలగి, విడిచినపుడు తామే బిగియును. చేజారినవానికి ఇది మేలు. కాని మీట మీద వ్రేలుంచిన చేతిని ఆపు శక్తి దీనికి లేదు. పైగా శుభ్రపరచుటకై విప్పదలచినపుడు ముందుగా మీట నొక్కవలెను. అర ఖాళీ చేయుట మరచి నొక్కినవారి వలన ప్రమాదములు జరిగినవి. 2017 ఆగస్టులో సిగ్ సాయర్ కంపెనీ పి-320 పిస్తోలు ఒక కోణమున వెనుక భాగము మీద పడినచో మీట తన బరువుకే కదలి పేలవచ్చునని బయటపడగా, కంపెనీ దానిని సవరించి యిచ్చుటకు పూనుకొనెను. ఇన్ని శతాబ్దుల అనుభవము తరువాత, ఆధునిక కర్మాగారమున తయారైన ఆయుధమునకును ఆ పాత రోగమే తగిలినది.

ఈ కథ అంతయు ఒక్క సూత్రమున ఇమిడియున్నది. ప్రతి సేఫ్టీయు ఒక ప్రమాదమునకు జవాబు. ప్రతి జవాబును ఒక ధీమాను కలిగించినది. ఆ ధీమా నుండియే తరువాతి ప్రమాదము పుట్టినది. సగపు గాడిని నమ్మినవాడు గాడి విరిగి నష్టపోయెను. మాగజైను తీసితినని నమ్మినవాడు అరలోని తూటాతో నష్టపోయెను. కనుకనే అనుభవజ్ఞులు యంత్రము ఎంత మేలైనదైనను అది లేనట్లే నడచుకొనవలెనని బోధింతురు.

ఈ బోధలను సూత్రములుగా కూర్చినవారిలో జెఫ్ కూపరు పేరు ముఖ్యము. అమెరికా నావికా పదాతిదళమున పనిచేసిన ఈయన 1976లో అరిజోనా రాష్ట్రమున పిస్తోలు విద్యాలయమును స్థాపించి, నాలుగు నియమములను ప్రచారము చేసెను. ప్రతి తుపాకియు నిండియున్నదనియే భావింపవలెను. నాశనము చేయదలచని దేనివైపునకును మూతిని త్రిప్పరాదు. గురి కుదిరి పేల్చ నిశ్చయించువరకు వ్రేలు మీట మీదికి పోరాదు. గురినే గాక దాని వెనుకనున్న దానిని కూడ ఎరిగియుండవలెను. వీనిలోని నేర్పు ఏమనగా, ఒకటి తప్పినను మరియొకటి కాపాడును. నిండియున్నదని మరచినను మూతి నేలవైపున ఉన్నచో మనిషి చావడు. మూతి ప్రక్కకు తిరిగినను వ్రేలు మీట మీద లేనిచో గుండు వెడలదు. ప్రమాదము జరుగుటకు ఒక్కసారి రెండు మూడు తప్పులు కలియవలెను.

వ్రేలి విషయమున ఇంత పట్టుదల ఎందుకని కొందరికి తోచవచ్చును. మన దేహము మన మాట ఎల్లప్పుడును వినదు. 1991లో రోజరు ఎనోకా అను శరీర శాస్త్రజ్ఞుడు ఈ విషయమును వివరించెను. ఉలికిపడినపుడు పిడికిలి తనంత బిగియును. కాలు జారి తూలినపుడు చేయి దొరికినదానిని గట్టిగా పట్టుకొనును. ఒక చేతితో దేనినైనను బలముగా లాగునపుడు రెండవ చేతి వ్రేళ్ళును కొంత ముడుచుకొనును. ఈ మూడు సందర్భములలోను మనిషికి పేల్చు సంకల్పము లేదు. అయినను మీట మీద వ్రేలు ఉన్నచో అది లాగబడును. కనుక వ్రేలిని మీటకు పైన చట్రము మీద చాచి ఉంచుటయే దానికి తగిన చోటు.

ఖాళీ చేయుటకును ఒక వరుస కలదు. మూతిని భద్రమైన దిక్కునకు త్రిప్పి, మొదట మాగజైను తీయవలెను. తరువాత స్లయిడును వెనుకకు లాగి అరలోని తూటాను పడవేయవలెను. పిమ్మట అరను కంటితో చూచి, వ్రేలితో తడవి నిశ్చయించుకొనవలెను. వరుస తారుమారైనచో, అనగా మొదట స్లయిడు లాగి తరువాత మాగజైను తీసినచో, ఒక తూటా బయట పడును గాని మాగజైనులోని మరియొకటి అరలోనికి ఎక్కును. చేసినవాడు ఖాళీ చేసితినని పొంగును. తుపాకి మునుపటివలెనే నిండియుండును. బ్రిటిషు సైన్యమున ఇట్టి అనుకొనని పేలుడును ‘ప్రమాదము’ అని పిలువరు. ‘అజాగ్రత్త’ అని పిలిచి శిక్ష విధింతురు. ఆ ఒక్క మాట మార్పులో గొప్ప నీతి యున్నది.

ఇక మన దేశము సంగతి. 1878 నాటి ఆయుధ చట్టము స్థానమున 1959లో క్రొత్త చట్టము ఏర్పడినది. లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకొనరాదు. 2016 నాటి ఆయుధ నిబంధనలు, లైసెన్సు కోరువారు ఆయుధమును భద్రముగా వాడు శిక్షణ పొందవలెనని చెప్పుచున్నవి. 2019లో చేసిన సవరణ ఒక్కొక్కరు ఉంచుకొనదగు తుపాకులను మూడింటి నుండి రెండింటికి తగ్గించినది. పెండ్లిండ్లలోను ఉత్సవములలోను సంబరమునకై ఇతరుల ప్రాణములకు ముప్పు కలుగునట్లు తుపాకులు పేల్చువారికి రెండేండ్లవరకు ఖైదు గాని, లక్ష రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని నిర్ణయించినది. అయినను 2024 అక్టోబరు 1వ తేదీన బొంబాయిలో ఒక ప్రసిద్ధ హిందీ నటుడు లైసెన్సుగల తన రివాల్వరు పేలి కాలికి గాయపడెను. విచిటా పానశాలకును బొంబాయి ఇంటికిని నడుమ నూటనలుబది యెనిమిది యేండ్లు గడచినవి. రివాల్వరు మాత్రము తన స్వభావమును మార్చుకొనలేదు.

మా శ్రోతలలో తుపాకి గలవారు కొద్దిమందియే యుందురు. కాని విశ్రాంత సైనికులు, పోలీసు ఉద్యోగులు, బ్యాంకు కాపలాదారులు, పొలము కాపునకై తాతలనాటి లైసెన్సు నిలుపుకొన్నవారు మన ఊళ్ళలో లేకపోలేదు. దసరా ఆయుధపూజనాడు పసుపు కుంకుమలతో తుపాకులను వరుసగా నిలుపు ఆచారము మన పోలీసు కార్యాలయములలో కలదు. పువ్వు పెట్టుటకు ముందు అర తెరచి చూచుటయే ఆ ఆయుధమునకు మొదటి పూజ. ఇంటిలో ఉన్నవారు తుపాకిని ఖాళీచేసి తాళము వేసి ఒకచోటను, తూటాలను తాళము వేసి వేరొకచోటను ఉంచవలెను. తాళపుచెవి పిల్లలకు తెలియని తావున నుండవలెను. తలగడ క్రింద నుంచినది రక్షణ కాదు. పిల్లలు తమకు తెలియదని పెద్దలు నమ్ముచోటనే మొదట వెదకుదురు. తుపాకి ఎదురైనచో ముట్టకుండ తొలగిపోయి పెద్దలకు చెప్పవలెనని వారికి నేర్పుటయు మేలే. కాని పిల్లవాని తెలివిని నమ్ముకొని పెద్దలు తాళము మానరాదు. 1989లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రము, పిల్లలకు అందునట్లు నిండు తుపాకిని విడిచిన పెద్దలనే బాధ్యులనుగా చేయు శాసనము నిర్మించినది. తరువాత అనేక రాష్ట్రములు ఆ త్రోవనే నడచినవి. నేరము పిల్లవానిది కాదు, తాళము మరచినవానిదని ఆ శాసనపు సారము.

ఐదువందల యేండ్లలో పనివాండ్రు గాడిని, మేకును, పలకను, కడ్డీని, గడియను కనిపెట్టిరి. వానిలో ప్రతి యొక్కటియు ఎన్నో ప్రాణములను కాపాడినది. వానిని తక్కువచేసి మాటలాడుట మా ఉద్దేశము కాదు. కాని ఆ కళ్ళెములలో ఏదియు తుపాకి మూతి ఎటు తిరిగియున్నదో చూడలేదు. ఎదుట నిలిచినవాడు మిత్రుడో బిడ్డయో తెలిసికొనలేదు. ఆ చూపు చేతిలో పట్టుకొన్నవానికే యున్నది. యంత్రము చేయగలిగినది మన పొరపాటునకు కొంత గడువిచ్చుట మాత్రమే. గుర్రమునకు కళ్ళెము ఎంత గట్టిదైనను పగ్గము పట్టవలసినది మెలకువగల చేయి.